తాగకపోతే హెండ్రిక్స్ అలా వాయించేవాడా? మీ తమ్ముడి ప్రశ్నకు నా జవాబు

మీ తమ్ముడికి 19 ఏళ్ళు, గిటార్ చాలా బాగా వాయిస్తాడు, ఈ మధ్య తాగి ప్రాక్టీసుకు కూర్చుంటున్నాడు అని రాశారు. ఎందుకురా అని అడిగితే "హెండ్రిక్స్, క్లాప్టన్, స్టీవీ రే వాన్... గొప్పవాళ్ళంతా మత్తులో మునిగినవాళ్ళే, అది లేకపోతే ఆ సంగీతం వచ్చేదా" అంటున్నాడట. ఆ ముగ్గురూ పేరుమోసిన గిటారిస్టులు. ఏం చెప్పాలో తోచడం లేదన్నారు.

నేను పదకొండేళ్ళు ఒక బ్యాండులో రిథమ్ గిటార్ వాయించాను. మా లీడ్ గిటారిస్టు లాంటి ప్రతిభ ఉన్నవాణ్ణి నేను మళ్ళీ అంత దగ్గరగా చూడలేదు. పేరు రాయడం బాగుండదు కాబట్టి మావాడు అంటాను. ఇంచుమించు మీ తమ్ముడి వయసులోనే మావాడు ఇదే మాట అన్నాడు. నేను కాదనలేదు, తలూపాను. ఆ తలూపినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు హెండ్రిక్స్ సంగతి. 15 ఏళ్ళ వయసులో చేతికి గిటార్ వచ్చింది. 1966లో లండన్ చేరి పేరు తెచ్చుకునేదాకా ఆయన చేసిందేమిటంటే లిటిల్ రిచర్డ్, ఐస్లీ బ్రదర్స్ లాంటి పేరున్న గాయకుల వెనక నిలబడి, ఊరూరా తిరుగుతూ, రాత్రికి రాత్రి కొత్త పాటలు నేర్చుకుంటూ వాయించడం. ఎడమచేతి వాటం మనిషి, కుడిచేతి గిటార్‌ను తిరగేసి పట్టుకుని తీగలు మార్చుకుని వాయించేవాడు. ఎక్కడికి వెళ్ళినా గిటార్ చేతిలోనే ఉండేదని ఆయన్ను ఎరిగినవాళ్ళు చెప్పారు. లండన్‌లో జనం నోరు తెరుచుకుని విన్నది ఆ ఏళ్ళ సాధననే. ఆ తర్వాత ఆయనకు దక్కింది నాలుగేళ్ళు, మూడు స్టూడియో ఆల్బమ్‌లు. 1970 సెప్టెంబరు 18న లండన్‌లో నిద్రమాత్రలు మోతాదుకు మించి వేసుకుని, ఆ మగతలో వాంతి ఊపిరికి అడ్డుపడి పోయాడు. 27 ఏళ్ళు. మావాడు ఆ 27ని ఏదో బిరుదులాగా చెప్పేవాడు. నాకైతే ఆ వయసు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆయన నలభైల్లో ఏం వాయించేవాడో మనకెవరికీ వినే భాగ్యం లేకపోయింది.

గొప్పవాళ్ళు తాగారు కాబట్టి తాగితే గొప్పవాళ్ళమవుతామనే లెక్క కొత్తది కాదు. గిటార్ కాకపోయినా శాక్సఫోన్ వాయించిన చార్లీ పార్కర్‌ను ఇక్కడ చెప్పుకోవాలి. 1940ల్లో ఆయన వాయిద్యం విని పిచ్చెత్తిపోయిన కుర్రవాళ్ళు చాలామంది, ఆయనకు హెరాయిన్ అలవాటు ఉందని తెలిసి తామూ మొదలుపెట్టారు. మత్తులో బాగా వాయిస్తానని అనేవాళ్ళు అబద్ధం ఆడుతున్నట్టేనని పార్కర్ స్వయంగా చెప్పినా వాళ్ళు వినలేదు. 1955లో ఆయన చనిపోయినప్పుడు వయసు 34. శవాన్ని చూసిన డాక్టరు యాభై పైబడిన మనిషి అనుకున్నాడు.

ఇక మావాడి సంగతి.

మేము ప్రతి షోనూ సౌండ్ మిక్సర్ నుంచి ఒక వైరు లాగి రికార్డు చేసుకునేవాళ్ళం. ఒక రాత్రి మావాడు బాగా తాగి స్టేజి ఎక్కాడు. దిగాక నన్ను గట్టిగా పట్టుకుని "రేయ్, ఇవాళ వాయించినట్టు జన్మలో వాయించలేదురా" అన్నాడు. నేనూ కాస్త పుచ్చుకునే ఉన్నాను, నాకూ అలాగే అనిపించింది. మర్నాడు మధ్యాహ్నం ఒక్కణ్ణే కూర్చుని ఆ రికార్డింగ్ విన్నాను. మా పాటల్లో ఒకదానికి చివర్లో వాడి సోలో ఉంటుంది. రెండో తీగ మీద పైన ఒక స్వరం పట్టి, దాన్ని పూర్తిగా ఒక టోన్, అంటే గిటార్ మీద రెండు మెట్ల దూరం, పైకి లాగాలి. ఆ లాగుడు ప్రతిసారీ చేరాల్సిన చోటుకు కొంచెం కిందే ఆగిపోతోంది. క్వార్టర్ టోన్, అంటే టోన్‌లో పావు వంతు తక్కువ. మూడుసార్లు లాగాడు, మూడుసార్లూ అక్కడే ఆగింది. వాడికి తెలియడం లేదు. ఒకే ముక్కను తిప్పి తిప్పి నాలుగుసార్లు వాయించాడు. వాడికోసం ఆగి ఆగి డ్రమ్మర్ తాళం జారిపోయింది.

వెంటనే ఏడాది కిందటి రికార్డింగ్ తీసి అదే పాట పెట్టాను. అప్పటికి వాడు షోకు ముందు తాగేవాడు కాదు. అదే సోలో, అదే చోటు. స్వరాన్ని లాగేముందు ఒక్క క్షణం ఆగాడు. ఆ చిన్న ఖాళీ వినగానే నాకు ఏడుపొచ్చింది. ఆ ఖాళీ ఎంతసేపు ఉండాలో ఎవరూ నేర్పలేరు, అది వాడికే తెలుసు. తాగిన రాత్రి రికార్డింగ్‌లో ఆ ఖాళీ లేదు, అన్నీ నిండిపోయి ఉన్నాయి.

నాకు అప్పుడు అర్థమైంది ఇదీ: మందు వేళ్ళ కంటే ముందు చెవిని నిద్రపుచ్చుతుంది. "ఇంకా కుదరలేదు, మళ్ళీ చెయ్" అని లోపల్నుంచి చెప్పే చెవి ఉంటుంది చూడండి, ప్రతిభ అంటే సగానికి పైగా అదే. తాగితే అది నోరు మూసుకుంటుంది కాబట్టి హాయిగా ఉంటుంది, బాగా వాయించినట్టూ ఉంటుంది. మీ తమ్ముడికి ఇప్పుడు కలుగుతున్నది ఈ హాయే. ఆ రికార్డింగ్‌ను నేను మావాడికి వినిపించలేదు. వాడి మనసు కష్టపెట్టడం ఎందుకని రెండేళ్ళు నా దగ్గరే దాచాను. నేను చేసిన పెద్ద తప్పు అది.

మరి గొప్పవాళ్ళలో ఇంతమంది దాంట్లో ఎందుకు పడ్డారని మీ తమ్ముడు అడగవచ్చు. నేను చూసినంతలో వాళ్ళు సంగీతం కోసం తాగడం తక్కువ, సంగీతం చుట్టూ ఉన్న గంటల కోసం తాగడం ఎక్కువ. స్టేజి ఎక్కేముందు కాళ్ళు వణుకుతాయి. దిగాక రాత్రి ఒంటిగంటకు ఒళ్ళంతా ఇంకా మోగుతూనే ఉంటుంది, నిద్ర పట్టదు. కాసేపటి కిందట వందలమంది అరుపులు విన్న చెవులకు హోటల్ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. పైగా మనం వాయించేదే మందు అమ్మే చోట. రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ తన 12వ ఏట స్టేజి భయం పోయేందుకు తండ్రే వోడ్కా ఇచ్చాడని చెప్పుకున్నాడు. ఆయన దాన్నుంచి బయటపడింది 2008లో, యాభై దాటాక. ఐరిష్ గిటారిస్టు రోరీ గాలగర్‌కు విమానం అంటే భయం. ఆ టెన్షన్‌కు డాక్టర్లు రాసిన మందులకు తాగుడు తోడై కాలేయం పాడైంది. 1995లో కాలేయ మార్పిడి తర్వాత ఇన్ఫెక్షన్ సోకి 47 ఏళ్ళకే పోయాడు. గాయకుడూ గిటారిస్టూ అయిన ప్రిన్స్‌కు ఏళ్ళ తరబడి ఎగిరి గెంతి చేసిన షోల వల్ల తుంటి నొప్పి. 2016లో ఫెంటనిల్ అనే చాలా బలమైన మత్తుమందు కలిసిన నకిలీ నొప్పి మాత్రలు ఆయన ప్రాణం తీశాయి. భయం, నిద్రలేమి, నొప్పి. వీటికి మందు వెతుక్కోబోయి దాంట్లో చిక్కుకున్నారు.

పీటర్ గ్రీన్‌ది ఇంకో రకం బాధ. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బ్యాండును స్థాపించిన గిటారిస్టు, ఒక్క స్వరం పట్టుకుంటే గుండె పిండేసినట్టు ఉండేది. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు వాడాడు, 1970లో బ్యాండ్ వదిలేశాడు, ఆ తర్వాత స్కిట్జోఫ్రేనియా అనే మానసిక జబ్బని తేలింది, ఆస్పత్రుల్లో కరెంట్ షాక్ చికిత్స దాకా వెళ్ళింది. ఆయన కథలో మత్తు ఎంత, జబ్బు ఎంత అని గీత గీయడం కష్టం. కాబట్టి మీ తమ్ముడు మాటిమాటికీ ముభావంగా ఉంటున్నా, రాత్రుళ్ళు నిద్రపోకపోతున్నా దాన్ని కూడా తాగుడు ఖాతాలో వేసేయకండి, విడిగా డాక్టరుకు చూపించండి.

'ఫ్రీ' అనే బ్యాండులోని గిటారిస్టు పాల్ కోసాఫ్ 25 ఏళ్ళకు విమానంలోనే పోయాడు. షికాగో బ్లూస్ నేర్చిన గిటారిస్టు మైక్ బ్లూమ్‌ఫీల్డ్ 37 ఏళ్ళకు సొంత కారులో శవమై కనిపించాడు. ఇక చాలు, ఈ జాబితా రాయడం నాకే కష్టంగా ఉంది.

మీ తమ్ముడు చెప్పిన ముగ్గురిలో ఇద్దరు మత్తు మానేసినవాళ్ళు, ఆ సంగతి అతనికి తెలుసో లేదో. స్టీవీ రే వాన్ 1986లో టూర్ మధ్యలో జర్మనీలో కుప్పకూలాడు. చికిత్సకు వెళ్ళాడు, మానేశాడు. 1989లో 'ఇన్ స్టెప్' ఆల్బమ్ తెచ్చాడు, దానికి గ్రామీ వచ్చింది. మత్తు మానే పన్నెండు మెట్ల పద్ధతిని తలుచుకుంటూ పెట్టిన పేరది. 1990 ఆగస్టు 27న హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు, అప్పటికి 35 ఏళ్ళు. ఆ చివరి నాలుగేళ్ళ వాయిద్యంలో చేతి బలం ఎక్కడా తగ్గలేదు. ఆయన్ను చూసి ధైర్యం తెచ్చుకుని తాగుడు మానినవాళ్ళలో స్లైడ్ గిటార్ వాయించే బానీ రైట్ ఒకరు. మానేసిన తర్వాతే ఆమె 'నిక్ ఆఫ్ టైమ్' ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ అందుకుంది.

క్లాప్టన్ ముందు హెరాయిన్‌లో దాదాపు మూడేళ్ళు ఇంట్లోనే మగ్గాడు, దాన్నుంచి లేచి తాగుడులో పడ్డాడు. 1982లో చికిత్సకు వెళ్ళి మళ్ళీ జారాడు, 1987లో రెండోసారి వెళ్ళాడు. అప్పటినుంచి ముట్టలేదు. 1991లో నాలుగేళ్ళ కొడుకు న్యూయార్క్‌లో 53వ అంతస్తు కిటికీలోంచి పడి చనిపోయాడు. ఆ దెబ్బకు కూడా మళ్ళీ గ్లాసు పట్టలేదు. తర్వాత 1998లో ఆంటిగ్వాలో మత్తు చికిత్సా కేంద్రం పెట్టించి, దానికోసం మరుసటి ఏడాది తన గిటార్లు వంద వేలం వేశాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ జాజ్ గిటారిస్టు జో పాస్‌ది. దాదాపు పదేళ్ళ యవ్వనం హెరాయిన్‌కు, జైళ్ళకు పోయింది. 1960లో కాలిఫోర్నియాలో సినానాన్ అనే మత్తు విడిపించే కేంద్రంలో చేరాడు (ఆ సంస్థ తర్వాత చాలా చెడ్డపేరు తెచ్చుకుంది, అది వేరే సంగతి). 1962లో అక్కడి తోటి సంగీతకారులతోనే రికార్డు చేశాడు, లోకం ఆయన్ను గుర్తించింది అప్పుడే. 1973లో, 44 ఏళ్ళ వయసులో, ఇంచుమించు గిటార్ ఒక్కదానితోనే 'వర్చుయోసో' రికార్డు చేశాడు. బేస్, తాళం, పాట మూడూ ఒక్క చేతిలోంచే వస్తుంటాయి. తూలే చేతికి సాధ్యమయ్యే పని కాదది. మీ తమ్ముడికి ఇది వినిపించండి.

ఇంకొక్క విషయం చెప్పాలి, ఇది చాలామందికి తెలియదు. తాగి నేర్చుకున్నది తాగినప్పుడే బాగా గుర్తొస్తుంది. మెదడు తీరే అది, మనస్తత్వ శాస్త్రంలో బాగా తెలిసిన సంగతి. కాబట్టి రోజూ తాగి ప్రాక్టీసు చేసేవాడు ఒకరోజు తాగకుండా కూర్చుంటే వేళ్ళు బిగుసుకుపోయినట్టు ఉంటాయి. "చూశావా, అది లేకపోతే రావడం లేదు" అని వాడు నిజంగానే నమ్ముతాడు. మీ తమ్ముడు అబద్ధం చెప్పడం లేదు, అతనికి అలాగే అనిపిస్తుంది. వాదించి లాభం లేదు. తాగకుండా మళ్ళీ నేర్చుకుంటే మళ్ళీ వస్తుంది, దానికి కొన్ని వారాలు ఓపిక పట్టాలి.

మావాడు ఆ ఓపిక దాకా రావడానికి ఆస్పత్రి మెట్లు ఎక్కాల్సి వచ్చింది. ఇంట్లోనే ఒక్కసారిగా మానేద్దామని చూస్తే మూడో రోజుకు చేతులు వణికి, లేని మనుషులు కనిపించడం మొదలైంది. ఇది గుర్తుపెట్టుకోండి. రోజూ బాగా తాగే మనిషి డాక్టరు పర్యవేక్షణ లేకుండా హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మీ తమ్ముడు అంత దూరం పోయి ఉండకపోవచ్చు, అయినా ఎంత తాగుతున్నాడో ముందు కనుక్కోండి.

ఆస్పత్రిలో ఉన్న ఆ నెలన్నరలో వాడి వేళ్ళ కొసల కాయలు పొరలు పొరలుగా ఊడిపోయాయి. పదిహేనేళ్ళుగా ఉన్న కాయలు. నాలుగో నెలలో నేను వాడి గిటార్‌కు కొత్త తీగలు వేసి తీసుకెళ్ళాను. మొదటి రోజు పది నిమిషాలు వాయించి, ఎర్రబడ్డ వేళ్ళు చూసుకుని పక్కన పెట్టేశాడు. రెండో వారం పావుగంట. ఆ వారమే నేను దాచిన రెండు రికార్డింగ్‌లూ వినిపించాను. తాగిన రాత్రిది వింటూ తల దించుకున్నాడు. అది అయిపోయాక "ఇది నాకు అప్పుడే ఎందుకు వినిపించలేదురా" అన్నాడు, అంతే. నా దగ్గర జవాబు లేదు.

మీరు అలా ఆలస్యం చేయకండి. తిట్టకండి, గిటార్ లాక్కోకండి, గిటార్ అతనికి ఉన్న గట్టి ఆధారం. తాగిన రోజుదీ తాగని రోజుదీ అతని వాయిద్యం రికార్డు చేసి ఉంచండి, నెమ్మదిగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి వినండి. అతనికి చెవి ఉంది కాబట్టి మీరు ఏమీ చెప్పనక్కర్లేదు.

ఇది పంపేముందు మావాడికి చదివి వినిపించాను. ఇప్పుడు తాగడం మానేసి ఆరేళ్ళు అవుతోంది, పిల్లలకు నేర్పుతున్నాడు, అప్పుడప్పుడు చిన్న షోలు చేస్తాడు. అంతా విని ఒకచోట ఆపించాడు. "క్వార్టర్ టోన్ కాదురా, అంతకంటే ఎక్కువే కింద ఉంది, సరిగ్గా రాయి" అన్నాడు. మీ తమ్ముడు మాట్లాడతానంటే మాట్లాడతానన్నాడు. నాకు మెసేజ్ పెట్టండి, నంబరు ఇస్తాను.