అల్లుడూ, ఘనజీవామృతంతో మొదలుపెట్టు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

కళ్యాణదుర్గం పక్క పల్లెల్లో రైతులకు సేంద్రియ ఎరువులు నేర్పే పనికి ఒప్పుకున్నావని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం.

నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదని ఇది రాస్తున్నా. మొదట్లో ఏ ఊరికి పోయినా డ్రమ్ము పెట్టించి, పేడ, ఆవు మూత్రం, బెల్లం, పిండి నీళ్లలో కలిపి పులియబెట్టే జీవామృతమే నేర్పేవాణ్ణి. ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఎకరాకు 200 లీటర్లు, పాపం బిందెలతో మోసి చెనిక్కాయ చేలో పోశారు. పదును లేని నేలలో సూక్ష్మజీవులు ఎట్లా బతుకుతాయి? పైరు తేరుకోలేదు. మళ్లీ పిలిస్తే ఇద్దరే వచ్చారు.

అందుకే బోరు లేనివాళ్లకు ముందు ఘనజీవామృతం, అంటే అదే సరుకుతో నీళ్లు పోయకుండా చేసే పొడి ఎరువు, నేర్పు. 100 కిలోల పేడ, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల ఉలవపిండి, మందు పడని గట్టు మన్ను ఒక గుప్పెడు, ముద్ద కావడానికి చాలినంత ఆవు మూత్రం. రెండు రోజులు గోనెపట్టా కప్పి నీడలో ఉంచి, తర్వాత పలుచగా పరిచి ఆరబెట్టాలి. ఎండలో మాత్రం వద్దు. ఆరిన గడ్డను చేత్తో నలిపితే పొడిపొడిగా రాలాలి. లోపల తడి ఉంటే మూటలో బూజు పడుతుంది. బాగా ఆరితే ఆరు నెలలు నిలవ ఉంటుంది. ఎండాకాలంలో చేసిపెట్టుకుని, వాన పడ్డాక ఆఖరి దుక్కిలో ఎకరాకు కనీసం 200 కిలోలు చల్లించు.

బోరు ఉన్నవాళ్లకు జీవామృతం సరే. డ్రిప్‌లో వదిలేటట్టయితే గుడ్డతో వడగట్టమను, లేకుంటే పైపులు పూడుకుపోతాయి. పురుగుమందు డ్రమ్ములు అసలు వాడనీయొద్దు.

మీటింగులు పెట్టి మాట్లాడితే ఎవరికీ గుర్తుండదు. ఒకరి కొట్టం దగ్గర వాళ్ల చేతులతోనే కలిపించు. ఆడవాళ్లను తప్పకుండా పిలువు. పేడ ఎత్తేదీ, పశువులను చూసేదీ వాళ్లే, కానీ శిక్షణకు మాత్రం మగవాళ్లనే కూర్చోబెడతారు. నాకు ఇది ఎప్పుడూ బాధే.

యూరియా, డీఏపీ ఒక్కసారిగా మానేయమని చెప్పొద్దు. అప్పు తెచ్చి విత్తనం వేసేవాడికి అది టెన్షన్. అరెకరంలో చేసి చూడమను. దిగుబడి ఇంత వస్తుందని మాట ఇవ్వొద్దు.

మొదటి ఊరికి బెల్లం, ఉలవపిండి నువ్వే కొనుక్కుని పో. పేడ ముందురోజే పోగు చేయించు.

నీ మామ