జబ్బు ముదిరిందా, మందు వికటించిందా?

మానసిక వైద్య వార్డుల్లో పోస్టింగు చేస్తున్న నర్సింగ్ విద్యార్థుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రాత్రి హాలోపెరిడాల్ ఇంజెక్షన్ చేసిన 20 ఏళ్ల కుర్రాడికి పొద్దున్నే మెడ ఒక పక్కకు తిరిగిపోయింది, కళ్లు పైకి నిలబడిపోయాయి. గాలి సోకిందని తల్లి ఏడుస్తోంది. నటిస్తున్నాడని పక్క మంచం వాళ్లు అంటున్నారు. ముందు ఏం చేయాలి?
– జీఎన్‌ఎం రెండో సంవత్సరం విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఇది గాలీ కాదు, నటనా కాదు. అక్యూట్ డిస్టోనియా, అంటే మందు వల్ల కండరాలు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం. భ్రమలకు ఇచ్చే హాలోపెరిడాల్ మెదడులోని రసాయనమైన డోపమైన్‌ను అడ్డుకుంటుంది. భ్రమలు తగ్గేది అందువల్లే, కండరాలు బిగుసుకునేదీ అందువల్లే. మందు మొదలుపెట్టాక, లేదా మోతాదు పెంచాక, కొన్ని గంటల నుంచి నాలుగైదు రోజుల్లోపు వస్తుంది. వయసు కుర్రాళ్లలో ఎక్కువ. ఫిట్స్ అని పొరబడకండి: ఇతనికి తెలివి ఉంటుంది, పిలిస్తే చూస్తాడు, నొప్పితో భయపడిపోతాడు.

మెడ కంటే ముందు గొంతు చూడండి. నాలుక బిగుసుకుపోయిందా, ఉమ్మి మింగగలుగుతున్నాడా, ఊపిరి పీల్చేటప్పుడు ఈల లాంటి చప్పుడు వస్తోందా? గొంతు కండరాలు పట్టేస్తే ఊపిరికే ముప్పు. అందుకని నోట్లో నీళ్లు పోయొద్దు, మాత్ర పెట్టొద్దు. డ్యూటీ డాక్టరును వెంటనే పిలిపించి ఆక్సిజన్, సక్షన్ మంచం దగ్గరకు తెచ్చుకోండి. మామూలుగా ప్రొమెథజైన్ 25 లేదా 50 మిల్లీగ్రాములు కండరానికి ఇమ్మంటారు. చాలామందికి అరగంటలోపే మెడ సడలుతుంది. అంతటితో అయిపోయిందనుకోవద్దు. హాలోపెరిడాల్ ఒంట్లో ఇంకా ఉంటుంది కాబట్టి మళ్లీ పట్టేయొచ్చు. అందుకే తర్వాత కొన్నాళ్లు ట్రైహెక్సీఫెనిడిల్ మాత్రలు రాస్తారు. తల్లికి “ఇది మందు వల్ల వచ్చిందమ్మా, దీనికి విరుగుడు ఉంది” అని అప్పటికప్పుడే చెప్పండి. చెప్పకపోతే ఇంటికెళ్లాక భయంతో అన్ని మాత్రలూ మానిపించేస్తుంది.

దీనికంటే ఎక్కువగా కన్నుగప్పేది అకథీసియా, అంటే ఇలాంటి మందుల వల్లే వచ్చే కుదురులేనితనం. కుదురుగా కూర్చోలేడు, నిలబడ్డా కాళ్లు మారుస్తూనే ఉంటాడు, వార్డంతా తిరుగుతాడు. రోగం ఎక్కువైందనుకుని ఇంకో డోసు వేయిస్తే తిప్పలు రెట్టింపవుతాయి. “కాళ్లు ఊరుకోనివ్వడం లేదా?” అని అడిగి, అతను చెప్పిన మాటను ఉన్నదున్నట్టు కేస్ షీటులో రాయండి. ఒళ్లంతా కొయ్యలా బిగుసుకుని, దానికి తోడు జ్వరం, విపరీతమైన చెమట, బీపీ హెచ్చుతగ్గులు, మాట తడబాటు కనిపిస్తే ఈ మందులు తీవ్రంగా వికటించి వచ్చే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ కావచ్చు. అది ప్రాణం తీయగలదు. తర్వాతి డోసు ఇవ్వకుండా ఆపి, డాక్టరును పిలవండి.

ప్రశ్న: మూడ్ మార్పులను అదుపు చేసే లిథియం ఏళ్ల తరబడి వాడుతున్న ఆవిడ మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని వారం వేసుకున్నారు. ఇప్పుడు విరేచనాలు, చేతుల వణుకు, మాట ముద్దముద్దగా వస్తోంది. రక్తం ఎప్పుడు తీయాలి?
– బీఎస్సీ నర్సింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: ఆవిడకు లిథియం ఎక్కువైందనే అనుకుని నడవండి. తర్వాతి మాత్ర ఆపి డాక్టరుకు చెప్పండి, రక్తం ఇప్పుడే తీయండి. 12 గంటల నియమం మామూలు తనిఖీకి: రాత్రి 9కి మాత్ర వేసుకుంటే పొద్దున 9కి, ఉదయం మాత్రకు ముందు తీయాలి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఆకుపచ్చ మూత ట్యూబుల్లో రక్తం గడ్డకట్టకుండా వేసే లిథియం హెపారిన్ ఉండొచ్చు. అందులో తీస్తే అంకె అబద్ధంగా పెరిగిపోతుంది. ప్లెయిన్ ట్యూబే వాడండి.

లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల దాకా మందు పనిచేసే స్థాయి. 1.5 దాటితే విషప్రభావం, 2 దాటితే గండం. అయితే పెద్దవయసు వాళ్లలోనూ, ఏళ్లుగా వాడుతున్నవాళ్లలోనూ ఇంతకంటే తక్కువకే లక్షణాలు రావచ్చు. అంకె చూసి ఊరుకోకుండా మనిషిని చూడండి. వేళ్లు సన్నగా వణకడం లిథియంతో మామూలే. గ్లాసులో నీళ్లు ఒలికేంత వణుకు, తూలుడు, ముద్ద మాట మాత్రం మామూలు కాదు.

లిథియం బయటకు పోయేది మూత్రపిండాల గుండానే. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే మూత్రపిండాలు సోడియంతో పాటు లిథియాన్నీ పట్టి ఉంచుతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎనలాప్రిల్, థయజైడ్ రకం బీపీ మాత్రలు కూడా దాన్ని పెంచుతాయి. మన వైపు మే నెల ఎండలు, వాంతులు, విరేచనాలు, కఠిన ఉపవాసాలు, ఉన్నట్టుండి మొదలుపెట్టే చప్పిడి పథ్యం ఇవన్నీ ఒకే ప్రమాదానికి దారులు. డిశ్చార్జి రోజున ఈ మాటలే చెప్పండి. నొప్పులకు పారాసెటమాల్ వాడుకోవచ్చని, షాపులో ఏ మందు కొన్నా లిథియం సంగతి చెప్పాలని కాగితం మీద రాసివ్వండి.

ప్రశ్న: భ్రమలు తగ్గించే క్లోజపిన్ వాడే రోగికి గొంతు నొప్పి, జ్వరం. పారాసెటమాల్ ఇచ్చి చూడొచ్చా?
– ఏఎన్‌ఎం విద్యార్థిని, ఖమ్మం

జవాబు: మాత్ర ఇచ్చి చూస్తూ కూర్చోకండి. ఈ మందు తెల్లకణాలను పడగొట్టవచ్చు. అదే రోజు రక్తపరీక్ష కావాలి. తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరుకు 1500 లోపు ఉంటే డాక్టరు మందు ఆపడం గురించి నిర్ణయిస్తారు. మొదటి 18 వారాలు వారం వారం పరీక్ష చేయించేది ఇందుకే. మలబద్ధకం గురించీ రోజూ అడగండి. పేగులు కదలిక ఆగి ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: కాలు విరిగి ఆర్థో వార్డులో చేరిన ఆయన మూడో రాత్రి గోడ మీద పురుగులంటూ మంచం దిగబోతున్నారు. సైకియాట్రీకి పంపాలా?
– జీఎన్‌ఎం విద్యార్థి, కరీంనగర్

జవాబు: ముందు ఇంటివాళ్లను అడగండి: ఆఖరిసారి మద్యం తాగింది ఎప్పుడు, రోజూ ఎంత? మానేసిన ఆరేడు గంటలకు వణుకు, రెండు రోజుల్లోపు ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఇలాంటి మతిభ్రమ. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ఇది ఎమర్జెన్సీ. నాడి, బీపీ, జ్వరం, షుగరు చూసి డాక్టరును అక్కడికే పిలవండి. ఫిట్స్ రాకుండా, మనిషి నెమ్మదించేలా చేసే లొరజెపామ్ లేదా డయజెపామ్ డాక్టరు ఆర్డరు ప్రకారం ఇవ్వండి. హాలోపెరిడాల్ ఒక్కదానితో నెట్టుకొస్తే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది.

గ్లూకోజు ఎక్కించబోయే ముందు థయమిన్ (విటమిన్ బీ1) ఇచ్చారో లేదో చూడండి. థయమిన్ అడుగంటిన ఒంట్లోకి గ్లూకోజు వెళితే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడును దెబ్బతీసే వెర్నికే జబ్బు రావచ్చు: కళ్లు సరిగా కదలవు, నడక తూలుతుంది, అయోమయం. షుగరు బాగా పడిపోయి ఉంటే మాత్రం గ్లూకోజు ఆలస్యం చేయొద్దు, థయమిన్ వెంటనే తోడివ్వాలి. గదిలో దీపం వేసి ఉంచండి, ఇంటి మనిషిని పక్కన కూర్చోబెట్టండి, మంచం కటకటాలు ఎత్తండి. ఏ వార్డులో చేరినా తాగుడు గురించిన ఆ రెండు ప్రశ్నలూ మొదటి రోజే అడిగి రాసిపెట్టుకుంటే, మూడో రాత్రికి మందు సిద్ధంగా ఉంటుంది.