లీచియానస్ గెక్కో మేత ముట్టకపోవడం, వేళ్లకు కుబుసం అంటుకోవడం గురించి

కర్నూలులో పై అంతస్తు గదిలో పెంచుతున్న మీ లీచియానస్ గెక్కో అనే పెద్ద బల్లి మే నెల నుంచి మేత సరిగా ముట్టడం లేదనీ, దాని కాలివేళ్లకు కుబుసం అంటుకుపోయిందనీ రాశారు. రెండింటికీ మూలం వేడి, పొడిగాలి అయి ఉంటాయని నా అభిప్రాయం.

పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కలెడోనియా దీవుల తేమ అడవుల్లో పగలంతా చెట్టు తొర్రల్లో దాగి, రాత్రిపూట తిరిగే ఈ జీవికి 22 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ చాలు; 30 డిగ్రీల వేడి గంటల తరబడి కొనసాగితే ప్రాణానికే ముప్పు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన సీమలో, రాత్రి కూడా వేడి కక్కే శ్లాబు కింద దాన్ని ఉంచకండి. ఈ రోజే కింది అంతస్తులోని లోపలి గదికి మార్చండి. కూలర్ కొంత ఉపశమనమిస్తుంది గానీ, 42 డిగ్రీల ఎండలో గదిని 26కు దించడం దానికి కష్టం కనుక ఏసీ తప్పదు. అయితే ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, అందువల్ల రోజూ సాయంత్రం పెట్టెలో నీళ్లు బాగా చిలకరించి, మళ్లీ సాయంత్రానికల్లా కొంత ఆరేలా గాలి ఆడనివ్వండి. కరెంటు పోతే గడ్డకట్టిన నీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి, జాలీ మూత మీద ఉంచండి. పండ్ల పొడి కలిపిన మేతను రాత్రి పెట్టి, ఉదయమే తీసేయండి.

వేళ్ల విషయంలో ఆలస్యం వద్దు. ఎండిన కుబుసం దారంలా బిగిసి, రక్తప్రసరణను ఆపి, వేలినే పోగొడుతుంది. గాలి రంధ్రాలున్న డబ్బాలో గోరువెచ్చని తడిగుడ్డ పరిచి, గెక్కోను 20 నిమిషాలు ఉంచాక, తడిపిన దూదిపుల్లతో కుబుసాన్ని మెల్లగా దొర్లించి తీయండి. రాకపోతే మరునాడు ప్రయత్నించండి గానీ లాగకండి. వేలి కొస నల్లబడినా, వాచినా ఇంట్లో ఏమీ చేయకుండా పశువైద్యునికి చూపించండి.