నెట్ పోయిన రోజు షాపు కాల్స్ ఓనర్ మొబైల్‌కి ఎందుకు రావట్లేదు?

ఎనుమాముల మార్కెట్ దగ్గర విత్తనాల షాపు, ఫ్రీపీబీఎక్స్ (షాపు కాల్స్‌ని ఫోన్లకు పంచే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్నాం, ఎవరూ ఎత్తకపోతే ఓనర్ మొబైల్‌కి పోతుంది, కానీ నెట్ పోయిన రోజు ఒక్క కాలూ రాదు అని రాశారు కదా అన్నా. ఈ దెబ్బ నేనూ తిన్నా.

2023 జూలై చివర్లో వరంగల్, హనుమకొండ నీళ్లలో ఉన్నప్పుడు ఒక డయాగ్నస్టిక్ సెంటర్ ఫోన్లు నేనే చూసేవాణ్ని. కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు లాగి చేతులెత్తేసింది, దాంతో కాల్స్ పంచే పీబీఎక్స్ బాక్సూ పడుకుంది. నేను ముచ్చటపడి రాసుకున్న ఫాల్‌బ్యాక్, అంటే కాల్‌కి రెండో దారి, మొత్తం ఆ బాక్సులోనే ఉంది! ఇంటికి తాళమేసి తాళంచెవి లోపల మరిచినట్టయింది.

మీదీ అదే కథ. కాల్ బాక్సు దాకా వస్తేనే కదా అది మొబైల్‌కి తోసేది. ఎవరూ ఎత్తనప్పటి దారి బాక్సులో ఉండొచ్చు, నెట్ పోయినప్పటి దారి మాత్రం సిప్ ట్రంక్ (నెట్ మీద వచ్చే ఫోన్ లైను) ఇచ్చినవాళ్ల దగ్గరే ఉండాలి. వాళ్ల పోర్టల్‌లో ఫెయిలోవర్ నంబర్ (బాక్సు అందకపోతే కాల్ పోయే నంబర్) ఉందేమో చూడండి, కనబడకపోతే అడిగి పెట్టించుకోండి.

నంబర్ పెట్టించగానే అయిపోయిందనుకోకండి. నేనూ అట్లనే అనుకుని, రౌటర్ వైరు పీకి నా ఫోన్‌తో కొట్టి చూశా. చెవిలో చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. అర నిమిషం దాటాక గానీ మొబైల్ మోగలేదు. సిప్‌లో కాల్ పంపాక అవతల నుంచి ఉలుకూపలుకూ లేకపోతే, మామూలు లెక్క ప్రకారం 32 సెకన్లు చూసి అప్పుడు వదిలేస్తారు. అంతసేపు ఏ రైతు ఆగుతాడు? దాన్ని 6 సెకన్లకు తగ్గించమని ట్రంక్ వాళ్లకి చెప్పా. రిజిస్ట్రేషన్ గడువు, అంటే బాక్సు 'నేనున్నా' అని వాళ్లకి చెప్పుకునేది ఎంతసేపు చెల్లుతుందో అది కూడా 3600 సెకన్లుంటే 120 చేశా. లేకపోతే మీ బాక్సు చచ్చిన గంట దాకా వాళ్ల లెక్కలో బతికే ఉంటుంది.

ఇంకోటి. ఎత్తని కాల్ ఎంతసేపు మోగాలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లోనే ఖాయం చేసింది: మొబైల్‌కి 30 సెకన్లు, ల్యాండ్‌లైన్‌కి 60. మీది ల్యాండ్‌లైన్ నంబరే అయినా సరే, కౌంటర్లో 40 సెకన్లు మోగించి తర్వాత మొబైల్‌కి పంపితే, ఓనర్ జేబులోంచి ఫోన్ తీసేలోపే కట్. కౌంటర్‌కి 15 చాలు, అంటే ఐదు రింగులు.

ఓనర్ ఫోన్ స్విచాఫ్ ఉంటే వచ్చే సిమ్ కంపెనీ రికార్డు మాటను కూడా కొన్నిసార్లు, ముఖ్యంగా సిమ్ గేట్‌వే (సిమ్ వేసి బాక్సుకి కలిపే పెట్టె) ఉంటే, బాక్సు 'ఎత్తారు' అనుకుంటుంది. అందుకే రింగ్ గ్రూప్‌లో (ఒక కాల్‌కి మోగే నంబర్ల జాబితాలో) కన్ఫర్మ్ కాల్స్ ఆన్ చేయండి. ఎత్తినవాళ్లు 1 నొక్కితేనే కలుపుతుంది, లేకుంటే తర్వాతి నంబర్‌కి పోతుంది. ఆ మొబైల్‌లో షాపు నంబర్‌కే ఫార్వర్డ్ పెట్టి లేదు కదా? మా దగ్గర డాక్టరు గారు పెట్టుకున్నారు, కాల్ బొంగరంలా తిరిగింది.

అన్నీ పెట్టాక వైరు పీకి ఒకసారి, కరెంటు ఆపి ఒకసారి, ఊరికే ఎత్తకుండా ఒకసారి కొట్టి చూడండి. మధ్యాహ్నం తీరిగ్గా చూసుకోండి. సీజన్లో పొద్దున్నే పీకితే ఓనర్ మీ వైరు పీకుతాడు.