అసమానత సంగతి తర్వాత, ముందు ఆ రెండు రూపాయల వడ్డీ చూడండి

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. నాకు 43 ఏళ్లు. రైసు మిల్లులో గుమాస్తాను, పీఎఫ్ పోను నెలకు రూ.31 వేలు చేతికొస్తాయి. బ్యాంకులో రూ.2.5 లక్షల ఎఫ్‌డీ ఉంది, దాన్ని కదిలించకూడదని అనుకున్నాం. అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుకి నోటు రాసి రూ.2 లక్షలు తెచ్చాను, రెండు రూపాయల వడ్డీ. ధనిక, పేద తేడా బ్రిటిష్ వాళ్ల కాలం కంటే పెరిగిందని ఒక ఆర్థికవేత్త అంటారు, లేదు తగ్గిందని ఇంకొకరు అంటారు. డబ్బున్నవాడికే డబ్బు పెరుగుతుంటే ఈ ఎఫ్‌డీ పట్టుకుని ఎందుకు కూర్చోవడం, తీసి ఆప్షన్స్‌లో పెట్టు బావా అంటున్నాడు మా బావమరిది. ఏం చేయమంటారు?

జవాబు: ఆప్షన్స్ వద్దండి, అది షేర్ల ధర పెరుగుతుందో తగ్గుతుందో గడువు పెట్టి పందెం కట్టడం లాంటిది. ఎఫ్‌డీ మాత్రం తీయాల్సిందే, అయితే మీ బావమరిది చెప్పిన పనికి కాదు. దాని దగ్గరికి వస్తాను. మీరు ఆర్థికవేత్తల గొడవతో మొదలుపెట్టారు కాబట్టి ముందు అది చూద్దాం, ఎందుకంటే మీ బావమరిది లెక్క తప్పింది అక్కడే.

పెరిగిందనేవాళ్లు చూపించేది ఎక్కువగా 2024లో ఫ్రెంచ్ ఆర్థికవేత్త థామస్ పికెటీ మరో ముగ్గురితో కలిసి విడుదల చేసిన అధ్యయనం. 2022-23లో మన దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉందనీ, ఆదాయంలో వాళ్ల వాటా 1922 నుంచి ఎన్నడూ ఇంత లేదనీ అందులో ఉంది. తగ్గిందనేవాళ్లు చూపించేది ఇంటింటి ఖర్చుల సర్వే. దాని ఆధారంగా ప్రపంచ బ్యాంకు వేసిన గిని సూచీ (సున్నా అంటే అందరూ సమానం, వంద అంటే అంతా ఒక్కడిదే) 2011-12లో 28.8 ఉంటే 2022-23కి 25.5కి దిగింది. సుర్జిత్ భల్లా లాంటి ఆర్థికవేత్తలు దీన్నే పట్టుకుని పికెటీ బృందం లెక్క కట్టిన పద్ధతిని తప్పుపడతారు. మన దేశంలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లే తక్కువ, మిగతావాళ్ల ఆదాయాన్ని అంచనాలతో పూడ్చాల్సి వస్తుంది కాబట్టి ఆ అభ్యంతరాన్ని తీసిపారేయలేం.

ఇద్దరూ కొలుస్తున్నది ఒకటే కాదు, అదీ అసలు చిక్కు. ఒకరు ఆదాయం, ఆస్తి కొలుస్తున్నారు, ఇంకొకరు ఖర్చు. మీ మిల్లు యజమానినే తీసుకోండి. ఆయన నెలకు మీకంటే ఎన్ని రెట్లు ఖర్చు పెడతారు? కారు, ఏసీలు, పిల్లల చదువులు అన్నీ కలిపినా మహా అయితే ఏ పది రెట్లో. ఆదాయంలో తేడా అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది, ఆ మిగులు సర్వేవాళ్ల పుస్తకంలోకి రాదు, కొత్త మరకో స్థలమో కొనడానికి పోతుంది. పైగా బాగా డబ్బున్న ఇళ్లలో సర్వే చేసేవాళ్లకి తలుపు తీసేవాళ్లే తక్కువ. నన్నడిగితే, అడుగున ఉన్నవాళ్ల తిండీ బట్టా మెరుగైందన్నదీ నిజమే, పైనున్నవాళ్లు అంతకంటే వేగంగా దూరం జరిగారన్నదీ నిజమే.

ఇది ఇవాళ పుట్టిన తగాదా కూడా కాదు. 1963లో లోక్‌సభలో సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియా దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడు అణాలతో బతుకుతున్నారంటే, నెహ్రూ కాదు పదిహేను అణాలన్నారు. పదిహేను అణాలు దేశం మొత్తం సగటు, లోహియా చెప్పింది అడుగున ఉన్నవాళ్ల లెక్క.

ఇక పికెటీదే ఇంకో మాట ఉంది. ఆస్తి మీద వచ్చే రాబడి దేశ ఆర్థిక వృద్ధి కంటే ఎక్కువగా ఉన్నంతకాలం తేడా పెరుగుతూనే ఉంటుందని. మీ బావమరిదికి ఎక్కడో ఈ ముక్క చెవిన పడి ఉంటుంది. కానీ ఉన్నవాళ్లకి ఆ రాబడి ఎలా వస్తోందో చూడాలి కదా. వాళ్లు వ్యాపారాల్లో వాటాలు, భూములు కొని ఏళ్ల తరబడి కదపకుండా ఉంచగలరు. 2008 జనవరిలో 21 వేల దగ్గరున్న సెన్సెక్స్ అక్టోబరుకల్లా 8 వేల దరిదాపులకు పడింది, చేతిలో వేరే డబ్బున్నవాడు ఆగాడు, ఇంకా కొన్నాడు. సరిగ్గా అప్పుడే కాలేజీ ఫీజు కట్టాల్సినవాడు ఆ రేటుకే అమ్ముకున్నాడు. ఇద్దరూ కొన్నది అవే షేర్లు.

ఆప్షన్స్‌లో ఆగడం అన్న మాటే లేదు, వారంలోనో నెలలోనో గడువు ముగిసిపోతుంది, మీ అంచనా ఆ తర్వాత నిజమైనా లాభం లేదు. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో బయటపెట్టిన లెక్క ప్రకారం అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం రూ.1.8 లక్షల కోట్లకు పైనే. అదే మార్కెట్లో 2023-24 ఒక్క ఏడాదిలోనే సొంత డబ్బుతో ట్రేడింగ్ చేసే సంస్థలు సుమారు రూ.33 వేల కోట్లు, విదేశీ మదుపరులు రూ.28 వేల కోట్లు స్థూల లాభం చూశారు, అందులో దాదాపు అంతా కంప్యూటర్ ప్రోగ్రాములతో చేసిన ట్రేడింగే. ధనిక, పేద తేడా మీద కోపంతో మీ ఎఫ్‌డీని తీసుకెళ్లి ఆ తేడాలోనే పోస్తానంటే ఎలాగండీ?

ఇప్పుడు మీ ఇంటి లెక్క. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. రూ.2 లక్షల మీద నెలకు రూ.4 వేలు, ఏడాదికి రూ.48 వేలు మీరు కడుతున్నారు. మీ రూ.2.5 లక్షల ఎఫ్‌డీ మీద, 7 శాతం అనుకున్నా, ఏడాదికి వచ్చేది రూ.17,500. అంటే ఆ ఎఫ్‌డీని ముట్టుకోకుండా కాపాడుకోవడానికి ఏటా రూ.30 వేలు చేతి నుంచి వేస్తున్నారు. ఎఫ్‌డీ ఉంటే ధైర్యం అని చాలామంది ఇదే చేస్తారు, ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ ఈ ధైర్యం ఖరీదు మీ నెల జీతమంత ఉంది.

ఎఫ్‌డీ తీసేయండి. గడువుకు ముందు తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో ఒక శాతం దాకా కోస్తాయి, పోనివ్వండి. రూ.2 లక్షలు కట్టేసి, మిగిలిన రూ.50 వేలు సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. అంతలో ఏదైనా ఆసుపత్రి ఖర్చు వచ్చిపడితే బ్యాంకులో బంగారం పెట్టి తెచ్చుకోండి, చాలా బ్యాంకుల్లో నోటు వడ్డీలో సగం కూడా పడదు. వచ్చే ఏడాది ఫీజుకి విద్యారుణం సంగతి ఇప్పుడే బ్యాంకులో అడిగి పెట్టుకోండి, చివరి వారంలో పరుగెత్తితే మళ్లీ నోటే దిక్కవుతుంది.

వడ్డీ కింద పోతున్న ఆ రూ.4 వేలని జీతం పడిన రోజే పక్కకు తీయండి. మొదటి ఏడాది రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే మీ రూ.50 వేలు లక్ష దాకా వెళతాయి, మూడు నెలల ఇంటి ఖర్చు అది. రెండో ఏడాది నుంచి సగం ఇండెక్స్ ఫండ్‌లో (సెన్సెక్స్ లాంటి సూచీలోని షేర్లన్నీ కొనే ఫండ్) సిప్‌గా, అంటే నెలనెలా, సగం వీపీఎఫ్‌లో, అంటే మీ పీఎఫ్‌లోనే అదనంగా, వేయండి. 2024-25కి ఈపీఎఫ్ మీద 8.25 శాతం ఇచ్చారు, మీలాంటి ఉద్యోగికి అంత భద్రంగా అంత వడ్డీ దొరికే చోటు తక్కువ. ఇండెక్స్ ఫండ్‌కి ఎవరూ హామీ ఇవ్వరు, పదేళ్ల పైన ఆగగలిగే డబ్బే అందులో పెట్టండి. మీ పేరు మీద టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకపోతే సిప్ కంటే ముందు అది తీసుకోవాలి, ఇంట్లో సంపాదించేది మీరొక్కరే అయితే మరీను.

బావమరిదితో వాదన పెట్టుకోకండి, ఆయన ట్రేడింగ్ ఖాతాలో గత ఏడాది మొత్తం లాభనష్టాల రిపోర్టు ఒకసారి చూపించమనండి, గెలిచిన రోజు స్క్రీన్‌షాట్ కాదు. అప్పు కట్టేటప్పుడు మాత్రం నోటు మీద చెల్లు రాయించి, ఆ నోటు చేతిలోకి తీసుకున్నాకే అక్కడి నుంచి కదలండి, అది బీరువాలో ఉంది, రేపు పంపిస్తానంటే డబ్బు కూడా రేపే ఇవ్వండి.