వెళ్లినాయన ఏం అడిగి వెళ్లాడు?

కావలి

నాయనా,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది. మొదటిసారి నెల్లూరు బస్సులో చదివాను. రెండోసారి ఇంటికొచ్చి పెన్సిల్ పట్టుకుని చదివాను. ప్రజాస్వామ్య సోషలిజం కోరుకునేవాళ్లు పెద్ద పార్టీలో ఉండి కొట్లాడాలా, బయటికొచ్చి సొంత జెండా ఎత్తాలా అని అడిగావు. ఇరవై రెండేళ్లకే ఈ ప్రశ్న నిన్ను నిద్రపోనివ్వడం లేదని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర నాకు చాలా సంతోషమేసింది.

కానీ ఎనిమిది పేజీల్లో 'సోషలిజం' అన్న మాట ముప్పై ఏడుసార్లు వచ్చింది. 'కౌలు' అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. మీ ఇల్లు కోవూరు పక్కన. మీ ఊళ్లో వరి వేసేవాళ్లలో సొంత పొలం ఉన్నది ఎవరికి, కౌలుకు చేస్తున్నది ఎవరు, ఎవరు ఎన్ని బస్తాలు కౌలు కొలుస్తారు, ఇదంతా నీకు చిన్నప్పటి నుంచి తెలుసు. తెలిసిన సంగతి వదిలేసి తెలియని పెద్ద పెద్ద మాటల వెంట ఎందుకు పడ్డావు?

ఒక సంగతి చెబుతాను. 1980ల్లో నేనూ ఇలాంటి వ్యాసం రాశాను. కాంగ్రెస్‌లో ఉండి, సోషలిస్టుల్లోకి వెళ్లి, మళ్లీ కాంగ్రెస్‌లోకే వచ్చిన పెద్దాయన ఒకరు మా వైపు ఉండేవారు. ఆయన్ని గోడ మీద పిల్లి అన్నాను. అచ్చయిన వారానికి ఆయన మా ఇంటికి నడుచుకుంటూ వచ్చారు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగారు. కోప్పడలేదు. "అబ్బయ్యా, వెళ్లానని రాశావు, వచ్చానని రాశావు. వెళ్లేటప్పుడు ఏం అడిగి వెళ్లానో రాయలేదే?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. పక్క ఊళ్లో ఉన్న మనిషిని నేను అడగనే లేదు. ఆ తర్వాత చాలాసార్లు ఆయన దగ్గరికి వెళ్లాను, చాలా విన్నాను. విన్నది సరిగ్గా రాసేలోపే ఆయన పోయారు. ఆ బాధ ఇప్పటికీ తీరలేదు. నీకు ఈ ఉత్తరం ఇంత పొడుగ్గా రాయడానికి అదే కారణం.

ఏం అడిగి వెళ్లారు, ఏం వస్తుందనుకుని ఉండిపోయారు. ఈ రెండూ తెలుసుకోకుండా ఎవరినీ ద్రోహి అనకు, ఎవరినీ త్యాగమూర్తి అనకు.

కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ గురించి నువ్వు రెండు వాక్యాల్లో తేల్చేశావు. అక్కడ ఆగాలి. 1934 మే నెలలో పాట్నాలో ఆచార్య నరేంద్రదేవ్ అధ్యక్షతన కూర్చుని దాన్ని మొదలుపెట్టారు. జయప్రకాశ్ నారాయణ్, లోహియా, మీనూ మసానీ, కమలాదేవి చటోపాధ్యాయ లాంటివాళ్లు అందులో ఉన్నారు. కాంగ్రెస్ సభ్యత్వం లేనివాళ్లు ఆ పార్టీలో చేరడానికి వీల్లేదు. అంటే వేరు కాపురం పెట్టలేదు, ఉమ్మడి ఇంట్లోనే వేరే పొయ్యి వెలిగించారు. వాళ్ల బలం, బలహీనత రెండూ ఆ ఒక్క నిబంధనలోనే ఉన్నాయి. ఇంటిపెద్దతో పోట్లాడవచ్చు, ఇంటి వాటా అడగవచ్చు. కానీ ఇంటిపెద్ద పొయ్యి ఆర్పమంటే ఏం చేయాలి?

దీనికి నువ్వు ఢిల్లీ నుంచీ బొంబాయి నుంచీ ఉదాహరణలు తెచ్చావు. ఒంగోలు పక్కన కొత్తపట్నం ఉంది కదా. 1937 ఎండాకాలంలో ఈ సోషలిస్టులు అక్కడ రాజకీయ పాఠశాల పెడితే ప్రభుత్వం నిషేధించింది, పోలీసులు లాఠీలతో చెదరగొట్టారు. ఆ ఊరికి ఒకసారి వెళ్లు. సముద్రపు ఒడ్డున నిలబడి, ఆ ఎండలో ఇసుక మీద కూర్చుని అర్థశాస్త్రం వినడానికి వచ్చిన కుర్రాళ్లను ఊహించుకో. నీ వాక్యం మారుతుంది.

అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్యగారు ఆ కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ అఖిల భారత నాయకుల్లో ఒకరు. అప్పటికే ఆయన కమ్యూనిస్టు. 1934లో కమ్యూనిస్టు పార్టీని నిషేధించారు కాబట్టి వాళ్లు ఈ గొడుగు కిందికి వచ్చారు. 1940లో సోషలిస్టులు వాళ్లను బయటికి పంపారు. ఆంధ్రలో మాత్రం శాఖ దాదాపు మొత్తం కమ్యూనిస్టుల వైపే పోయింది. నువ్వు దీన్నంతా 'చొరబాటు' అన్న ఒక్క మాటలో ముగించావు. నిషేధం సంగతి చెప్పకుండా ఆ మాట వాడటం అన్యాయం. నిషేధం సంగతి చెప్పి, నమ్మి తలుపు తీసినవాళ్లకు కలిగిన బాధ చెప్పకపోవడమూ అన్యాయమే. రెండూ రాయి. పేరా పెద్దదైతే కానివ్వు.

ఇక ప్రకాశం పంతులుగారు. నీ వ్యాసంలో ఆయన లేకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది. ఆయన సోషలిస్టునని చెప్పుకున్న మనిషి కాదు. కానీ 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షుడయ్యారు. 1938లో ఇచ్చిన నివేదికలో ఆ సంఘం చెప్పింది చూడు: భూమికి హక్కుదారు రైతే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే, శిస్తును 1802 పర్మినెంట్ సెటిల్‌మెంట్ (జమీందార్లు సర్కారుకు కట్టాల్సింది శాశ్వతంగా ఖాయం చేసిన ఏర్పాటు) నాటి లెక్కకు తేవాలి. ఏ ఎర్రజెండా సభలోనూ ఇంతకంటే గట్టి మాట వినపడి ఉండదు. ఇది పాలకపక్షం లోపలి నుంచి, సర్కారు ముద్రతో వచ్చిన మాట.

తర్వాత ఏమైంది? 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. నివేదిక చట్టం కాలేదు. ప్రకాశంగారు 1946 ఏప్రిల్‌లో మద్రాసు ప్రధాని (ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు) అయ్యి 1947 మార్చిలో దిగిపోయారు. జమీందారీ ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. నివేదికకూ చట్టానికీ మధ్య పదేళ్లు. వెంకటగిరి ఎస్టేటు రైతులు ఈ పదేళ్లూ ఎలా గడిపారో ఆలోచించు. నెల్లూరు నుంచి వచ్చే 'జమీన్ రైతు' వారపత్రిక పేరులోనే ఆ గొడవ ఉంది. పాత సంచికలు ఎక్కడ దొరికినా కూర్చుని చదువు. పార్టీలో ఒక భావానికి చోటుందా లేదా అని తేల్చాలంటే తీర్మానం చదివితే చాలదు. తీర్మానం వెంట నడవాలి. నివేదిక అయిందా, బిల్లయిందా, సర్వే జరిగిందా, రైతు చేతికి పట్టా వచ్చిందా? ఎక్కడ ఆగిందో, ఎవరు ఆపారో అక్కడే నీ వ్యాసం ఉంది.

వెళ్లినవాళ్ల సంగతి కూడా అంతే శ్రద్ధగా చూడు. లోపల వేరే నియమావళితో ఇంకో పార్టీ ఉండకూడదని కాంగ్రెస్ నిబంధన మార్చింది. 1948 మార్చిలో నాసిక్‌లో సోషలిస్టులు బయటికి రావాలని నిర్ణయించుకున్నారు. నువ్వు 'తొందరపడ్డారు' అన్నావు. పొయ్యి ఆర్పమన్నాక ఉండటం ఎలాగో నువ్వే చెప్పు. అయితే బయట ఏం ఎదురైందో కూడా చెప్పాలి. మొదటి సార్వత్రిక ఎన్నికల్లో సోషలిస్టు పార్టీకి పది శాతం దాటి ఓట్లొచ్చాయి, లోక్‌సభలో సీట్లు 12. కాంగ్రెస్‌కు 45 శాతం ఓట్లకు 489లో 364 సీట్లు. మన దగ్గర 1955లో కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లొచ్చినా 196 స్థానాల ఆంధ్ర శాసనసభలో 15 సీట్లే దక్కాయి. ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కడే గెలిచే పద్ధతిలో, ఊరూరా కొద్దికొద్దిగా ఉన్న బలం లెక్కలోకి రాదు. బయటికెళ్లే ప్రతివాడూ ఈ లెక్క ముందు నిలబడి తీరాలి. 'లోపల ఉందాం' అనేవాళ్లందరూ పదవి కోసమే అంటున్నారని రాశావు. కొందరు ఈ లెక్క చూసి అంటున్నారు.

ఆ 1955 ఎన్నికలకు నెల ముందే, జనవరిలో, మద్రాసు పక్కన ఆవడిలో జరిగిన సభలో కాంగ్రెస్ 'సామ్యవాద తరహా సమాజం' తన లక్ష్యమని తీర్మానించింది. వెళ్లిపోయినవాళ్ల మాటను ఉన్నవాళ్లు ఎత్తుకున్నారు. దీన్ని దొంగతనం అనొచ్చు, గెలుపు అనొచ్చు. నేను కొంత గెలుపే అంటాను. నాలుగేళ్లకు నాగపూర్ కాంగ్రెస్ సభలో, పొలాలు కలిపి సాగుచేసే ఉమ్మడి సహకార వ్యవసాయం తీర్మానం వచ్చేసరికి ఆచార్య రంగాగారు, అంతకాలం రైతుల కోసం నిలబడ్డ మనిషి, ఒప్పుకోలేక బయటికొచ్చి 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. సోషలిస్టులు చాలదని వెళ్తే ఈయన ఎక్కువైందని వెళ్లారు. నువ్వు ఆయన్ని 'భూస్వాముల మనిషి' అన్నావు. అయిదెకరాల రైతు తన గట్టు చెరిపేస్తారేమోనని పడ్డ భయం ఆ మాటలో ఎక్కడుంది? ఎదుటివాడి మాటను అతనే చదివి "అవును, నేను చెప్పింది ఇదే" అనేలా రాయి. ఆ తర్వాత కాదని వాదించు.

అమెరికా సంగతి నువ్వు రాసింది బాగుంది కానీ ఒక ముఖ్యమైన తేడా వదిలేశావు. బెర్నీ శాండర్స్ సెనేట్‌లో స్వతంత్రుడిగా ఉంటూనే 2016లో, 2020లో డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థిత్వం కోసం పోటీ పడగలిగాడు. ఎందుకంటే అక్కడ అభ్యర్థిని ప్రైమరీల్లో మామూలు ఓటర్లు ఎన్నుకుంటారు. మన దగ్గర బి-ఫారం, అంటే పార్టీ అభ్యర్థి ఇతనేనని ఇచ్చే కాగితం, నాయకుడి చేతిలో ఉంటుంది. గెలిచాక 1985 ఫిరాయింపుల చట్టం ఉంది. ఇలా ఓటేయమని పార్టీ ఇచ్చే ఆదేశానికి, అంటే విప్‌కు, ఎదురు ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. ఒకప్పుడు నాలుగణాల సభ్యత్వంతో మొదలయ్యే కాంగ్రెస్‌లో అధ్యక్ష పదవికి నిజమైన పోటీ జరిగింది. 1939లో సుభాష్ బోస్ మన పట్టాభి సీతారామయ్యగారి మీద 203 ఓట్ల తేడాతో గెలిచారు. పట్టాభిగారి వెనక గాంధీగారే ఉన్నారు. అంత పెద్ద మనిషి మాట కాదని ఓటేసే వీలు ఆ పార్టీలో ఉండేది. గెలిచిన బోస్‌ను నెలల్లోనే రాజీనామా దాకా తెచ్చారు, అది కూడా రాయాలి.

నా అభిప్రాయం అడిగావు. లోపల ఉండాలనే అంటాను, లోపల ఓటు వేసే వీలు, ఎదురు చెప్పే వీలు ఉన్నంతవరకు. ఆ వీలు లేని పార్టీలో సోషలిజానికి చోటుందా అని చర్చించే ముందు అసలు చర్చకే చోటుందా అని చూడాలి. నీ వ్యాసానికి ఈ ప్రశ్న వెన్నెముక కావాలని నా కోరిక. నువ్వు ఒప్పుకోకపోతే ఒప్పుకోనని రాయి.

ఇప్పుడు కౌలు దగ్గరికి వస్తాను. 2011 చట్టంతో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు మొదలయ్యాయి. 2019లో వచ్చిన చట్టంలో పంట సాగుదారు కార్డు కావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం ఉండాలి. ఈ ఒక్క సంతకం చుట్టూ మీ మండలంలో ఎంత కథ నడుస్తుందో చూశావా? సంతకం పెడితే పొలం పోతుందేమోనని టెన్షన్ పడే రెండెకరాల ముసలమ్మ ఉంటుంది, కొడుకు దగ్గర హైదరాబాదులో. సంతకం లేక బ్యాంకు అప్పు దొరక్క, వడ్డీ వ్యాపారి దగ్గరికి పోయే కౌలుదారు ఉంటాడు. ఇద్దరూ ఒకే పార్టీకి ఓటేస్తారు. ఆ పార్టీ మండల సమావేశంలో ఈ సంతకం గురించి ఎవరైనా లేచి మాట్లాడారా? మాట్లాడితే ఏమన్నారు, ఎవరు కూర్చోబెట్టారు? ఇది తెలుసుకుని రాసిన రెండు పేజీలు నువ్వు పంపిన ఎనిమిది పేజీలకంటే విలువైనవి.

వీలైతే పొగాకు అమ్మకాలప్పుడు టంగుటూరు వేలం కేంద్రానికి కూడా వెళ్లు. పొగాకు బోర్డు 1975 చట్టంతో వచ్చింది. రైతుకూ వ్యాపారికీ మధ్య సర్కారు నిలబడాలన్న ఆలోచన అక్కడ కంటికి కనపడుతుంది. తన పొగాకు బేలు (మూట) ముందు నిలబడ్డ రైతు 'నో బిడ్', అంటే ఎవరూ పాడలేదు, అని వినగానే ముఖం ఎలా మారుతుందో చూడు. సర్కారు మధ్యలో ఉండి కూడా ఆ ముఖం ఎందుకలా అయిందో ఆయన్నే అడుగు. బోర్డు లేకపోతే ఎలా ఉండేదో కూడా అడుగు. రెండు జవాబులూ ఆయన మాటల్లోనే రాసుకో, నీ మాటల్లోకి మార్చకు.

భాష గురించి పెద్దగా చెప్పేదేం లేదు, నీ తెలుగు బాగుంది. 'పెట్టుబడిదారీ శక్తులు', 'ప్రతీఘాతుక వర్గాలు' అని ఉన్నచోటల్లా పెన్సిల్‌తో గుండ్రాలు చుట్టాను. ఒక్కో గుండ్రంలో ఎవరున్నారో నువ్వే నింపు: మిల్లు యజమానా, కమీషన్ ఏజెంటా, మీ బంధువేనా. బంధువైతే రాయడం కష్టం. నాకు తెలుసు.

వచ్చే నెల రెండో ఆదివారం ఇంట్లోనే ఉంటాను. పొద్దున బస్సుకు వచ్చేయ్, భోజనం ఇక్కడే. వ్యాసం మొత్తం తిరగరాయాలని కంగారుపడకు. ముందు మీ ఊళ్లో కార్డు కోసం సంతకం అడిగిన ఒక్క కౌలు రైతునూ, పెట్టనన్న ఆ పొలం మనిషినీ కలిసి, ఇద్దరూ అన్నది కాగితం మీద పెట్టుకుని రా. కొత్తపట్నం బడి గురించి ఆ పెద్దాయన చెప్పగా నేను రాసుకున్న నోటుపుస్తకం బీరువాలో ఉంది. అది తీసి పెడతాను.

ఇట్లు,
మీ మాస్టారు