ఆటిజం థెరపీతో బాబులో మార్పు వచ్చిందో లేదో మేం ఎలా చూసుకున్నామంటే

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. ఒంగోలులో ఉంటున్నారు, బాబుకి నాలుగేళ్ళు, ఎనిమిది నెలలుగా స్పీచ్ థెరపీకి, ఓటీకి (ఆక్యుపేషనల్ థెరపీ) తిప్పుతున్నారు. సెంటర్ వాళ్ళు 40 శాతం ఇంప్రూవ్ అయ్యాడంటున్నారు, మీ అత్తగారేమో ఏమీ మారలేదు, డబ్బులు దండగ అంటున్నారు. మీరు నెట్‌లో అటెక్ అనే ఆటిజం ప్రశ్నల ఫారం నింపితే 82 వచ్చింది. అది మంచిదా చెడ్డదా, ఇంతకీ ఎవరి మాట నమ్మాలి అని అడిగారు.

మాది కావలి. మా వాడికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. మాటలు రాకపోతే ముందు చెవి పరీక్ష చేయించాం, వినికిడి బాగానే ఉందన్నారు. రెండున్నరేళ్ళప్పుడు ఆటిజం అని చెప్పారు. మీరిప్పుడు పడుతున్న టెన్షన్ అంతా నేను పడ్డాను. నేను డాక్టర్ని కాను, మా ఇంట్లో జరిగిందే చెప్తున్నాను.

82 అనే అంకెను ఒక్కదాన్నే పట్టుకుని చూస్తే ఏమీ తెలియదు. మూడు నెలల తర్వాత మళ్ళీ నింపి, ఆ అంకెను దీని పక్కన పెట్టి చూడాలి. అటెక్‌ని 1999లో అమెరికాలో బెర్నార్డ్ రిమ్లాండ్, స్టీఫెన్ ఎడెల్సన్ తయారు చేశారు. చికిత్స మొదలుపెట్టాక పిల్లల్లో మార్పు వస్తోందా అని చూసుకోవడానికే దాన్ని చేశారు. ఆటిజం ఉందా లేదా తేల్చడానికి కాదు. మొత్తం 77 ప్రశ్నలు, నాలుగు భాగాలు. మాటలకి 28, నలుగురితో కలవడానికి 40, గ్రహింపుకి 36, ఆరోగ్యం, ప్రవర్తనలకి 75. మొత్తం 179. ఇందులో మార్కులు తగ్గితే మంచిది, పెరిగితే ఇబ్బంది ఎక్కువైందని అర్థం.

ఆ నాలుగో భాగాన్ని గమనించండి. 179లో 75 దానివే. నిద్ర, మలబద్ధకం, పక్క తడపడం, అరుపులు, తనను తాను కొట్టుకోవడం అన్నీ అందులోనే వస్తాయి. ఒకసారి మా వాడికి వైరల్ ఫీవర్ వచ్చి రెండు వారాలు నిద్ర లేదు. ఆ వారమే ఫారం నింపాను. అంతకుముందు 71 ఉన్నది 83 అయ్యింది. పని అంతా వదిలేసి కూర్చుని ఏడ్చాను. రాత్రి మా ఆయన భాగాలవారీగా విడదీసి చూస్తే ఆరోగ్యం దాంట్లో 16 పెరిగింది, మాటల దాంట్లో 4 తగ్గింది, మిగతా రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. అంటే వాడు మాటల్లో ముందుకొచ్చిన నెలలోనే నేను వెనక్కి పోయాడని ఏడ్చాను. అప్పటినుంచి మొత్తం అంకె రాయడం మానేశాం. నాలుగూ విడివిడిగా రాస్తాం, ఆ నెలలో జ్వరం, ఊరు వెళ్ళడం లాంటివి ఉంటే పక్కన ఒక ముక్క రాసుకుంటాం.

ఎప్పుడూ ఒకరే నింపాలి. ఒకసారి ఇద్దరం విడివిడిగా నింపితే నాకు 78, ఆయనకు 61 వచ్చాయి. ఆయన వాడిని రాత్రిపూట ఒక గంట చూస్తారు, నేను పొద్దస్తమానం చూస్తాను. ఇద్దరిలో ఎవరిదీ అబద్ధం కాదు, కానీ ఒకసారి ఆయన, ఒకసారి నేను నింపితే ఆ 17 తేడా వాడి మార్పు అనుకునేవాళ్ళం. ఇంకోటి, నింపేముందు పాత కాగితం చూడొద్దు. చూస్తే చెయ్యి దానంతటదే తగ్గించి వేస్తుంది.

మాటల భాగంలో నేను పెద్ద తప్పే చేశాను. మా వాడు ఫోన్‌లో విన్న ఇంగ్లీష్ రైమ్స్ గడగడా చెప్పేవాడు, ఏ ఫర్ యాపిల్ నుంచి జెడ్ దాకా. వాటిని మాటలుగా లెక్కేసి తక్కువ మార్కులు వేశాను. దాహమైతే మాత్రం నీళ్ళు అని అడిగేవాడు కాదు, గ్లాసు దగ్గర నిలబడి ఏడ్చేవాడు. విన్నది తిరిగి చెప్పడం వేరు, కావాల్సింది అడగడం వేరు అని మా స్పీచ్ మేడమ్ చెప్పాక మళ్ళీ నింపితే ఆ భాగం అంకె చాలా పెరిగింది. బాధేసింది, కానీ నిజమైన లెక్క అక్కడినుంచే మొదలైంది.

ఫారం ఒక్కటే చాలదమ్మా. నాకు అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది మా వంటింట్లో పై అరలో ఉండే మురుకుల డబ్బా. మొదట్లో వాడు నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళి, నా చేతిని ఒక వస్తువులాగా డబ్బావైపు విసిరేవాడు. నా ముఖం చూసేవాడు కాదు. థెరపీ మొదలైన ఐదు నెలలకి వేలు చూపించాడు. ఇంకో రెండు నెలలకి డబ్బాకి వేలు చూపించి, తిరిగి నా కళ్ళలోకి చూసి, మళ్ళీ డబ్బాని చూశాడు. ఆ రోజు తేదీ క్యాలెండర్ మీద రాసుకున్నాను, ఇప్పటికీ ఆ పేజీ దాచాను. మాట ఆ తర్వాత చాలా రోజులకి వచ్చింది. 'అమ్మా, ముక్కు' అన్నాడు, మురుకు అనలేక. బయటివాళ్ళకి ఇందులో మొదటి రోజూ చివరి రోజూ మధ్య ఒక్క మాటే తేడా. మీ అత్తగారికి మార్పు కనపడకపోవడానికి కారణం ఇదే కావచ్చు, ఆమె మాట కోసమే ఎదురుచూస్తున్నారేమో.

ఇక 40 శాతం సంగతి. దేనిలో 40 అని అడగండి, మర్యాదగానే, కానీ తప్పకుండా అడగండి. మేం మొదట వెళ్ళిన సెంటర్‌లో నెలకి 10 శాతం చొప్పున పెంచుతూ ఆరు నెలలకి 60 అని రాసిచ్చారు. చేరిన రోజు పరిస్థితి ఏంటో రాసిన కాగితం చూపించమంటే వాళ్ళ దగ్గర లేదు. మా బంగారం తాకట్టులో ఉన్న రోజులవి. తర్వాత చేరినచోట మొదటి రెండు వారాలు గమనించడమే చేశారు. పేరు పెట్టి పది సార్లు పిలిస్తే రెండుసార్లు తిరిగాడని రాసుకున్నారు. నాలుగు నెలలకి అది ఏడు అయ్యింది. చెయ్యి పట్టి చేయించినదాన్ని, తనంతట చేసినదాన్ని వేరే గళ్ళలో రాసేవారు. నేను ఇంట్లో పిలిచి చూస్తే పదికి మూడే! ఆ మాట మేడమ్‌కి చెప్తే ఇంట్లో ఎలా పిలవాలో నేర్పించారు. సెంటర్‌లో వచ్చింది ఇంట్లో, బజార్లో రాకపోతే సగమే వచ్చినట్టు. మీ సెంటర్ వాళ్ళ దగ్గర ఇలాంటి షీట్ ఉంటే మీ అదృష్టం, నెలకోసారి ఫోటో తీసుకోండి.

వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్‌లో ఉండే శాతంతో దీన్ని కలపొద్దు, చాలామంది కలుపుతున్నారు. అక్కడ వాడేది ఆటిజం తీవ్రతను కొలిచే ఐఎస్ఏఏ అనే స్కేలు, సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ మన దేశ పిలకాయల కోసం చేసింది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. 70కి తక్కువైతే ఆటిజం లేదంటారు, 70 నుంచి 106 స్వల్పం, 107 నుంచి 153 మధ్యరకం, 153 దాటితే తీవ్రం. అది వైకల్యం ఎంతో చెప్తుంది, ఎంత బాగుపడ్డాడో కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, వైకల్యం 40 శాతం అని వస్తే ఉపయోగాలుంటాయి కాబట్టి ఇంకా చేయించకపోతే చేయించండి. ఆ సంస్థ కిందే నెల్లూరులో సీఆర్సీ అనే ప్రాంతీయ కేంద్రం ఉంది, ఒంగోలు నుంచి రైల్లో పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోవచ్చు. సెంటర్‌తో సంబంధం లేనివాళ్ళు ఒకసారి బాబుని చూసి లెక్క చెప్తే మీకు గుండె దిటవుగా ఉంటుంది.

పిల్లలు ఊరికే కూడా ఎదుగుతారు కదా, కాబట్టి మార్కులు తగ్గినదంతా థెరపీ గొప్పే అనుకోవద్దు. అందుకే ఒకేసారి రెండు మూడు కొత్తవి మొదలుపెట్టకండి. మేం గోధుమలు, పాలు మానిపించి, అదే నెలలో ఓటీ మొదలుపెట్టాం. వాడు కాస్త నిమ్మళించాడు, కానీ దేనివల్లో ఇప్పటికీ చెప్పలేను. పాలు మానిపించాక వాడు బరువు తగ్గింది మాత్రం నిజం. స్టెమ్ సెల్ అని లక్షలు అడిగేవాళ్ళు వస్తారు, ఆటిజానికి అది పనిచేస్తుందన్న రుజువు లేదు, దయచేసి వెళ్ళొద్దు. వచ్చిన మాటలు పోయినా, చూపు నిలిచిపోయి పిలిచినా పలక్కపోయినా మూడు నెలల ఫారం కోసం ఆగకుండా వెంటనే పిల్లల న్యూరాలజీ డాక్టర్‌కి చూపించండి.

అత్తగారి కోసం ఒక పని చేయండి. మూడు నెలలకోసారి అదే గదిలో, అవే బొమ్మలతో, సాయంత్రం అదే వేళకి ఐదు నిమిషాల వీడియో తీయండి. ఆమె బాబుతో ఆడుతుండగా తీస్తే ఇంకా మంచిది. మా అత్తకి రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి చూపించాం. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత 'అప్పుడు వీడు నా మొహమే చూడలేదు గదే' అంది.

ఆ 82లో నాలుగు భాగాలకీ విడిగా ఎన్నెన్ని వచ్చాయో ఇక్కడే రాయండి. ఆ వారం బాబు నిద్ర ఎలా ఉందో కూడా చెప్పండి, చూసి నాకు తెలిసింది చెప్తాను.